పని ఒకచోట, జీతం ఇంకోచోట: నెదర్లాండ్స్ పేరోల్ ఉద్యోగికి జబ్బు, కాన్పు, నిరుద్యోగ భృతి ఎవరిస్తారు?

క్లుప్తంగా

నెదర్లాండ్స్‌లో పేరోల్ కంపెనీ ద్వారా పనిచేసేవారికి 2020 నుంచి దాదాపు మామూలు ఉద్యోగి హక్కులే ఉన్నాయి. జబ్బు చేస్తే 2 ఏళ్ల దాకా పేరోల్ కంపెనీయే జీతం ఇవ్వాలి. ప్రసూతి సెలవుకు డబ్బు యూడబ్ల్యూవీ అనే ప్రభుత్వ బీమా సంస్థ నుంచి వస్తుంది. ఉద్యోగం పోతే భృతి కూడా అదే సంస్థ నుంచి, నేరుగా ఉద్యోగి ఖాతాకు వస్తుంది. ఒప్పందం ముగిసే తేదీ ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి వీటిలో ఏది, ఎంత కాలం అన్నది మారిపోతుంది.

ఇద్దరు యజమానులు, ఒక్క జీతం చీటీ

ఆమ్‌స్టెల్‌వీన్‌లోనో ఐంధోవెన్‌లోనో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు మనిషి కావాలి. ఇంటర్వ్యూ ఆ సంస్థే చేస్తుంది, ఎంపికా అదే చేసుకుంటుంది, రోజువారీ పనీ అదే చెబుతుంది. ఉద్యోగ ఒప్పందం మీద సంతకం మాత్రం వేరే కంపెనీది. జీతం వేసేది, పన్ను కోసేది, సామాజిక బీమా చందాలు కట్టేది ఆ రెండో కంపెనీ. అదే పేరోల్ కంపెనీ. చట్టం దృష్టిలో యజమాని అదే. పని చేయించుకునే సంస్థను మన ఐటీ వాళ్లు క్లయింట్ అంటారు, ఇక్కడా ఆ మాటే సరిపోతుంది.

అన్నీ సాఫీగా నడిచినంత కాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. జ్వరం వచ్చి మంచాన పడ్డ రోజు, గర్భం అని తెలిసిన రోజు, ప్రాజెక్టు ఆగిపోయిందని క్లయింట్ మేనేజర్ చెప్పిన రోజు అసలు ప్రశ్న లేస్తుంది. ఎవరికి చెప్పాలి? ఎవరు ఇస్తారు?

పేరోల్ ఉద్యోగాన్ని ఏజెన్సీ ఉద్యోగంతో కలిపి చూడటం వల్ల గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఏజెన్సీ మనిషిని వెతికి తెచ్చి క్లయింట్‌కు ఇస్తుంది, అవసరమైతే రేపు ఇంకో క్లయింట్ దగ్గరికి పంపుతుంది. పేరోల్ కంపెనీ మనిషిని వెతకదు. క్లయింట్ అనుమతి లేకుండా అతణ్ని వేరేచోటికి పంపడానికీ వీల్లేదు. డచ్ సివిల్ కోడ్ పేరోల్ ఒప్పందాన్ని నిర్వచించింది సరిగ్గా ఈ రెండు లక్షణాలతోనే.

ఈ నిర్వచనం రావడం వెనుక ఒక కోర్టు తీర్పు ఉంది. కేర్‌ఫోర్‌కేర్ అనే సంస్థ కేసులో డచ్ సుప్రీంకోర్టు 2016 నవంబరు 4న తీర్పు ఇచ్చింది. ఏజెన్సీ ఒప్పందం అనిపించుకోవడానికి మనిషిని వెతికి పెట్టాల్సిన అవసరమే లేదని అందులో తేల్చింది. దాంతో ఏజెన్సీలకు చట్టం ఇచ్చిన వెసులుబాట్లు పేరోల్ కంపెనీలకూ తెరుచుకున్నాయి. వరుసగా ఎన్నో తాత్కాలిక ఒప్పందాలు రాసుకోవడం, క్లయింట్ వద్దన్న వెంటనే ఒప్పందాన్ని ముగించడం వంటివి అవి. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన ‘శ్రామిక మార్కెట్ సమతుల్యత’ చట్టం ఈ తలుపు మూసేసింది. అప్పటి నుంచి పేరోల్ ఉద్యోగికి ఏజెన్సీ సడలింపులు వర్తించవు. 3 ఏళ్లలో 3 తాత్కాలిక ఒప్పందాలు దాటితే శాశ్వత ఉద్యోగం అన్న మామూలు నియమమే వర్తిస్తుంది. అంతకంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. పెన్షన్ మినహా, క్లయింట్ సొంత ఉద్యోగులకు ఏ షరతులుంటే పేరోల్ ఉద్యోగికీ అవే ఉండాలి.

ఆ చివరి నియమం వల్ల జబ్బు జీతం లెక్క కూడా మారుతుంది. కింద చూద్దాం.

జబ్బు: రెండేళ్ల భారం ఎందుకొచ్చింది?

జబ్బు పడిన ఉద్యోగికి 104 వారాల పాటు కనీసం 70 శాతం జీతం యజమానే ఇవ్వాలన్నది డచ్ చట్టం. పక్కనున్న జర్మనీలో యజమాని 6 వారాలు పూర్తి జీతం ఇస్తే చాలు, ఆ తర్వాత ఆరోగ్య బీమా నిధి చూసుకుంటుంది. డచ్ యజమాని మీద అంత బరువు ఎందుకు పడింది?

మొదట్లో ఇలా లేదు. 1930లో అమల్లోకి వచ్చిన జబ్బు చట్టం కింద సామూహిక నిధి నుంచే డబ్బు వచ్చేది. 1967లో పని చేయలేని స్థితికి ఉదారమైన పెన్షన్ లాంటి పథకం, డబ్ల్యూఏఓ, తోడైంది. కంపెనీలు తమకు అక్కర్లేని ఉద్యోగులను గొడవ లేకుండా వదిలించుకోవడానికి ఆ పథకాన్నే దారిగా వాడుకున్నాయి. దాన్ని తీసుకునేవారి సంఖ్య 10 లక్షల వైపు పరుగెత్తింది. 1990లో ప్రధాని రూడ్ లూబర్స్ ‘నెదర్లాండ్స్ జబ్బుపడింది’ అనే దాకా వెళ్లింది పరిస్థితి. ఖర్చు యజమాని జేబులోంచి పోతే తప్ప ఉద్యోగిని తిరిగి పనిలోకి తెచ్చే శ్రద్ధ పుట్టదని ప్రభుత్వం ఒక నిర్ణయానికి వచ్చింది. 1996లో మొదటి 52 వారాల జీతం యజమాని నెత్తిన పడింది. 2002లో ఉద్యోగి కోలుకోవడానికి యజమాని ఏమేం చేయాలో వారాల లెక్కన చెప్పే ‘గేట్‌కీపర్’ చట్టం వచ్చింది. 2004లో 52 వారాలు 104 అయ్యాయి. 2006లో పాత డబ్ల్యూఏఓ స్థానంలో కొత్తవారికి వియా అనే కఠినమైన పథకం మొదలైంది.

విధానం పనిచేసింది, కొత్తగా పని చేయలేని స్థితికి చేరేవారి సంఖ్య బాగా తగ్గింది. దానితోపాటు ఇంకొకటీ జరిగింది. 5 మంది ఉన్న చిన్న సంస్థలో ఒకరు 2 ఏళ్లు మంచాన పడితే సంస్థే కుదేలవుతుంది. ఆ భయం ఉన్న సంస్థలు ఉద్యోగిని నేరుగా తీసుకోవడానికి వెనకాడి, ఆ ప్రమాదాన్ని మోసే మూడో మనిషి కోసం చూశాయి. పేరోల్ వ్యాపారం పెరగడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. క్లయింట్ ప్రతి గంటకూ జీతం మీద అదనంగా కొంత చెల్లిస్తుంది. జబ్బు జీతం ప్రమాదం ఆ అదనంలోనే కలిసి ఉంటుంది. పేరోల్ కంపెనీ దాన్ని వందల మంది మీద పంచుకుంటుంది, చాలాసార్లు ప్రైవేటు బీమా కూడా చేయించుకుంటుంది.

70 శాతమా, 100 శాతమా?

చట్టం చెప్పేది కనీసం. 70 శాతం లెక్క కట్టే జీతానికి పైపరిమితి ఉంది. 2025 జనవరిలో అది రోజుకు 290.67 యూరోలు, అంటే ఏడాదికి 75,864, నెలకు సుమారు 6,322 యూరోలు. మొదటి ఏడాదిలో ఆ 70 శాతం చట్టబద్ధ కనీస వేతనం కంటే తగ్గకూడదు. రెండో ఏడాదికి ఈ రక్షణ లేదు. ఒప్పందంలో రాసి ఉంటే మొదటి 2 రోజులకు జీతం ఇవ్వకపోవచ్చు కూడా.

ఆచరణలో చాలా రంగాల్లో యూనియన్లు, యజమానులు కుదుర్చుకున్న సీఏఓ అనే సామూహిక ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది 100, రెండో ఏడాది 70 శాతం ఇస్తారు. ఇక్కడే సమాన షరతుల నియమం పనికొస్తుంది. క్లయింట్ తన ఉద్యోగులకు మొదటి ఏడాది పూర్తి జీతం ఇస్తుంటే పేరోల్ ఉద్యోగికీ అంతే రావాలి. పేరోల్ కంపెనీ తన దగ్గర 70 శాతమే రాసి ఉందంటే కుదరదు. జబ్బు పడ్డాక వాదించడం కంటే సంతకానికి ముందే క్లయింట్ దగ్గరి జబ్బు నియమం ఏమిటో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవడం తేలిక.

జబ్బు పడితే చెప్పాల్సింది ఇద్దరికీ. క్లయింట్‌కు చెప్పడం పని ఆగకుండా ఉండటానికి, పేరోల్ కంపెనీకి చెప్పడం చట్టపరమైన నమోదుకు. ఒక్క క్లయింట్ మేనేజర్‌కు మెసేజ్ పెట్టి ఊరుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఏం జబ్బు అని అడిగే హక్కు ఇద్దరిలో ఎవరికీ లేదు. అది తెలుసుకోవలసింది కంపెనీ నియమించిన వృత్తి ఆరోగ్య డాక్టర్ ఒక్కరే. ఆ డాక్టర్ మందులు రాయరు, ఎంత పని చేయగలరో మాత్రమే చెబుతారు. ఫ్యామిలీ డాక్టర్ చీటీ తెచ్చి ఆఫీసులో ఇచ్చే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

తర్వాత కాగితాల ప్రయాణం మొదలవుతుంది. 6వ వారానికి సమస్య విశ్లేషణ, 8వ వారానికి కార్యాచరణ ప్రణాళిక, 42వ వారంలో యూడబ్ల్యూవీకి సమాచారం, ఏడాది చివర సమీక్ష, 93వ వారానికల్లా వియా దరఖాస్తు. యజమాని వీటిలో నిర్లక్ష్యం చేసిందని యూడబ్ల్యూవీ తేలిస్తే మరో 52 వారాల దాకా జీతం ఇవ్వమని శిక్ష వేయవచ్చు. ఉద్యోగి సహకరించకపోతే జీతం ఆపే అధికారం యజమానికి ఉంది. జబ్బుగా ఉన్న మొదటి 2 ఏళ్లలో జబ్బు కారణంగా తీసేయడానికి వీల్లేదు.

పేరోల్ విషయంలో ఈ యంత్రంలో ఒక చక్రం వదులుగా ఉంటుంది. కోలుకుంటున్న ఉద్యోగికి రోజుకు 3 గంటల పనో తేలికైన పనో ఇచ్చి మెల్లగా తిరిగి అలవాటు చేయాలని చట్టం ఆశిస్తుంది. పేరోల్ కంపెనీ దగ్గర సొంతంగా ఇవ్వడానికి పనే లేదు, ఆఫీసు కుర్చీ కూడా క్లయింట్‌దే. క్లయింట్‌కు చట్టపరమైన బాధ్యత తక్కువ, డెడ్‌లైన్ టెన్షన్ ఎక్కువ. అప్పటికే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి ఉండవచ్చు. అందుకే పేరోల్ ఉద్యోగుల విషయంలో వేరే సంస్థలో పని వెతికే ‘రెండో దారి’ ప్రస్తావన తొందరగా వస్తుంది. హక్కులు కాగితం మీద సమానం చేసినా ఈ తేడాను చట్టం పూడ్చలేకపోయింది.

జబ్బులో ఉండగా ఒప్పందం ముగిస్తే

తాత్కాలిక ఒప్పందం జబ్బు ఉన్నా లేకున్నా దాని తేదీకి అది ముగుస్తుంది. తొలగింపు నిషేధం దీన్ని ఆపదు. ముగిసిన మరుసటి రోజు నుంచి యజమాని జీతం ఆగిపోయి, జబ్బు చట్టం కింద యూడబ్ల్యూవీ 70 శాతం ఇవ్వడం మొదలవుతుంది. యజమానిగా ఉన్న పేరోల్ కంపెనీ చివరి పని రోజున ‘జబ్బుతో వెళ్తున్నారు’ అని యూడబ్ల్యూవీకి తెలియజేయాలి. అంతకు ముందు క్లయింట్ నియమం వల్ల 100 శాతం వస్తుంటే, ఈ రోజు నుంచి అది 70కి పడిపోతుంది. ఉద్యోగం ముగిసి 4 వారాల్లోపు జబ్బు పడినవారికి కూడా ఈ చట్టం రక్షణ ఉంటుంది.

పడిపోయేది డబ్బు ఒక్కటే కాదు. యజమాని ఉన్న ఉద్యోగికి 104 వారాలు నిండే దాకా పెద్ద పరీక్ష ఉండదు. యజమాని లేకుండా జబ్బు భృతి మీద ఉన్నవారికి మాత్రం ఏడాది కాగానే యూడబ్ల్యూవీ ఒక మదింపు చేస్తుంది. పాత ఉద్యోగం చేయగలరా అన్నది కాదు అక్కడ ప్రశ్న. మార్కెట్‌లో ఏదో ఒక పని చేసి పాత జీతంలో 65 శాతానికి మించి సంపాదించగలరా అన్నది. సంపాదించగలరని తేలితే జబ్బు భృతి ఆగుతుంది. ఒకే జబ్బు ఉన్న ఇద్దరిలో ఒకరి ఒప్పందం మార్చిలో, మరొకరిది డిసెంబరులో ముగిస్తే ఇద్దరి రెండో ఏడాది పూర్తిగా వేరుగా నడవవచ్చు.

2 ఏళ్లు దాటితే వియా. సంపాదన సామర్థ్యంలో నష్టం 35 శాతం లోపు ఉంటే అందులో ఏమీ రాదు. పూర్తిగా, శాశ్వతంగా పని చేయలేనివారికి 75 శాతం. మధ్యలో ఉన్నవారికి వేరే లెక్కలు. యూడబ్ల్యూవీలో మదింపు చేసే డాక్టర్ల కొరత వల్ల ఈ దశలో ఎదురుచూపులు కొన్నేళ్లుగా పెద్ద సమస్యగా ఉన్నాయి.

కాన్పు: భారతదేశానికి తలకిందులైన లెక్క

ప్రసూతి సెలవు కనీసం 16 వారాలు. ప్రసవ తేదీకి 6 నుంచి 4 వారాల ముందు మొదలుపెట్టాలి. కాన్పు తర్వాత కనీసం 10 వారాలు ఉంటుంది. బిడ్డ ఆలస్యంగా పుడితే మొత్తం 16 దాటుతుంది. కవలలైతే 20 వారాలు. బిడ్డ పుట్టాక ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే 10 వారాల వరకు పొడిగింపు ఉంది. కాన్పయ్యాక మొదటి 6 వారాలు పని చేయించడం నిషిద్ధం. ఆపైన మిగిలిన వారాలను ఒకేసారి తీసుకోకుండా 30 వారాల మీద పరుచుకోవచ్చు.

డబ్బు 100 శాతం, పైన చెప్పిన పైపరిమితి దాకా. ఇది యజమాని ఖర్చు కాదు. మిడ్‌వైఫ్ ఇచ్చిన గర్భధారణ ధ్రువపత్రం ఆధారంగా పేరోల్ కంపెనీ సెలవుకు కనీసం 2 వారాల ముందు యూడబ్ల్యూవీకి దరఖాస్తు చేస్తుంది. భృతి సాధారణంగా కంపెనీకి వచ్చి, అక్కణ్నుంచి మామూలు జీతంలా ఉద్యోగికి చేరుతుంది. అందుకే చాలామంది ఇది కంపెనీ ఇస్తోందనే అనుకుంటారు.

భారత్‌తో పోల్చి చూస్తే విచిత్రమైన అద్దం కనిపిస్తుంది. ఈఎస్‌ఐ పరిధిలోకి రాని భారతీయ ఉద్యోగినికి 2017 సవరణ నుంచి 26 వారాల ప్రసూతి జీతం యజమానే భరించాలి. ఈఎస్‌ఐలో ఉన్నవారికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం బీమా నిధి ఇస్తుంది. అంటే అక్కడ జబ్బు నిధి మీద, కాన్పు చాలావరకు యజమాని మీద. నెదర్లాండ్స్‌లో జబ్బు యజమాని మీద, కాన్పు నిధి మీద. సెలవు నిడివి భారత్‌లోనే ఎక్కువ. ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంటే ఖర్చు అన్న లెక్క యజమాని మనసులో తక్కువగా నడిచేది మాత్రం డచ్ పద్ధతిలో. జబ్బు విషయంలో సరిగ్గా దానికి వ్యతిరేకం.

గర్భం వల్లే జబ్బు చేస్తే అది వేరే ఖాతా. వాంతులు, నడుము నొప్పి, కాన్పు తర్వాతి సమస్యల వంటి వాటికి జబ్బు చట్టం కింద యూడబ్ల్యూవీ నుంచే 100 శాతం వస్తుంది. అందువల్ల జబ్బు నమోదు చేసేటప్పుడు ఏం జబ్బో చెప్పనక్కర్లేకపోయినా ఇది గర్భానికి సంబంధించినదని చెప్పడం ఉద్యోగికే లాభం. లేకపోతే 70 శాతం లెక్కలో పడే అవకాశం ఉంది. ప్రసవ తేదీకి ముందు 6 నుంచి 4 వారాల మధ్య జబ్బు పడితే ఆ రోజులు ప్రసూతి సెలవు కిందికే పోతాయి.

ఒప్పందం ముగింపు తేదీ ఇక్కడా అడ్డం వస్తుంది. సెలవు మొదలయ్యాక ఒప్పందం ముగిస్తే భృతి ఆగదు, యూడబ్ల్యూవీ నేరుగా ఇస్తుంది. సెలవుకు ముందే ముగిసినా, ప్రసవ తేదీ ఆ ముగింపు తర్వాత 10 వారాల్లోపు ఉంటే హక్కు నిలుస్తుంది. అంతకంటే ముందే ముగిసి, నిరుద్యోగ భృతి తీసుకుంటూ ఉన్నవారికి ఆ దారిలో ప్రసూతి భృతి వస్తుంది. ఏ భృతీ లేకుండా, 10 వారాల గడువుకు బయట పడినవారే నిజంగా నష్టపోతారు.

గర్భం కారణంగా ఒప్పందం పొడిగించకపోవడం చట్టవిరుద్ధం. పేరోల్‌లో దీన్ని నిరూపించడం కష్టం. క్లయింట్ ప్రాజెక్టు అయిపోయిందంటుంది, పేరోల్ కంపెనీ క్లయింట్ వద్దందంటుంది. డచ్ మానవ హక్కుల సంస్థ దగ్గర ఫిర్యాదుకు రుసుము లేదు.

తండ్రికి లేదా భాగస్వామికి వారంలో పని చేసే గంటలెన్నో అంత సెలవు, పూర్తి జీతంతో, యజమాని ఖర్చుతో ఉంటుంది. 2020 జులై నుంచి మరో 5 వారాలు 70 శాతంతో యూడబ్ల్యూవీ ఇస్తోంది. 2022 ఆగస్టు నుంచి తల్లిదండ్రులిద్దరిలో ప్రతి ఒక్కరికీ బిడ్డ మొదటి ఏడాదిలో 9 వారాలు 70 శాతంతో ఉన్నాయి. ఇంటికొచ్చి బాలింతను, పసిబిడ్డను చూసుకునే క్రామ్‌జోర్గ్ నర్సు ఈ లెక్కలో లేదు. అది ఆరోగ్య బీమా కిందికి వస్తుంది.

ఉద్యోగం పోతే

క్లయింట్ వద్దన్నంత మాత్రాన ఉద్యోగం పోయినట్టు కాదు. పేరోల్ కంపెనీతో ఒప్పందం మిగిలి ఉంటే జీతం రావాలి. మొదటి 6 నెలలకు ‘పని లేకపోతే జీతం లేదు’ అని రాతపూర్వకంగా ఉంటే అది మినహాయింపు. క్లయింట్ దివాలా తీసినా జీతం బాధ్యత పేరోల్ కంపెనీదే. పేరోల్ కంపెనీయే దివాలా తీస్తే 13 వారాల వరకు పాత బకాయి జీతాన్ని యూడబ్ల్యూవీ ఇస్తుంది. 6 నెలలు, ఆపైన ఉన్న తాత్కాలిక ఒప్పందాన్ని పొడిగిస్తారో లేదో నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఆలస్యం చేస్తే ఒక నెల జీతం దాకా పరిహారం. కంపెనీ తనంతట తాను ముగిస్తే మొదటి రోజు నుంచి లెక్కగట్టి, ఏడాదికి మూడో వంతు నెల జీతం చొప్పున ముగింపు చెల్లింపు కూడా ఉంటుంది.

నిరుద్యోగ భృతికి తొలి అర్హత, చివరి 36 వారాల్లో కనీసం 26 వారాలు పని చేసి ఉండటం. అదొక్కటే ఉంటే 3 నెలలు. గడిచిన 5 క్యాలెండర్ సంవత్సరాల్లో 4 సంవత్సరాలు, ఒక్కో ఏడాది కనీసం 208 గంటలు పని చేసి ఉంటే పని చరిత్రను బట్టి ఎక్కువ. మొదటి 10 ఏళ్లకు ఏడాదికి ఒక నెల, ఆ తర్వాత ఏడాదికి అర నెల, గరిష్ఠం 24 నెలలు. మొదటి 2 నెలలు 75, ఆపైన 70 శాతం.

అంకెల్లో చూస్తే (సెలవు బోనస్ పక్కనపెట్టి, 2025 జనవరి పైపరిమితితో), నెలకు 4,000 యూరోల స్థూల జీతం ఉన్నవారికి చట్టబద్ధ కనీస జబ్బు జీతం 2,800, ప్రసూతి భృతి 4,000, నిరుద్యోగ భృతి మొదట 3,000, తర్వాత 2,800. నెలకు 8,000 ఉన్నవారికి లెక్క 6,322 దగ్గర ఆగుతుంది. కనుక జబ్బుకు సుమారు 4,425, ప్రసూతికి 6,322, నిరుద్యోగానికి సుమారు 4,741, తర్వాత 4,425. పెద్ద జీతం ఉన్నవారికి 70 శాతం అన్న మాట నిజంలో 55 శాతం దగ్గర తేలుతుంది. క్లయింట్ తన ఉద్యోగులకు ఈ తేడా భర్తీ చేస్తుంటే పేరోల్ ఉద్యోగి కూడా అడగవచ్చు.

భృతికి చందా మొత్తం యజమానే కడుతుంది, ఉద్యోగి జీతం నుంచి కోత లేదు. 2025లో రాతపూర్వక శాశ్వత ఒప్పందానికి 2.74 శాతం, మిగతా వాటికి ఎక్కువగా 7.74 శాతం. తాత్కాలిక ఉద్యోగాలను ఖరీదు చేయాలన్నదే ఈ 5 పాయింట్ల తేడా ఉద్దేశం.

దరఖాస్తు చివరి పని దినం తర్వాత వారంలోపు చేయాలి. ప్రతి 4 వారాలకు మామూలుగా 4 ఉద్యోగ ప్రయత్నాలు చూపించాలి. 6 నెలలు దాటాక చదువుకు, పాత జీతానికి తగ్గ పనే కావాలనే హక్కు ఉండదు.

సొంతంగా రాజీనామా చేస్తే భృతి దాదాపు రాదు. పరస్పర ఒప్పందంతో విడిపోయేటప్పుడు ముగించాలన్న చొరవ యజమానిదని, నోటీసు కాలం లెక్కలో ఉందని రాసి ఉండాలి. ఒక విషయంలో మాత్రం యూడబ్ల్యూవీ ఏమాత్రం కనికరించదు. జబ్బుగా ఉండగా అలాంటి కాగితం మీద సంతకం పెడితే తన జీతం హక్కును తానే వదులుకున్నట్టు లెక్క. జబ్బు భృతీ నిరుద్యోగ భృతీ రెండూ చేజారవచ్చు. క్లయింట్ ‘మంచిగా’ విడిపోదామన్నప్పుడు పేరోల్ కంపెనీ పంపే పీడీఎఫ్ చాలా మర్యాదగానే ఉంటుంది.

భారత్ నుంచి వెళ్లినవారికి అదనపు ముడులు

విదేశీయులకు వీసా ఇప్పించడానికి ప్రభుత్వ గుర్తింపు పొందిన స్పాన్సర్ కాని చిన్న కంపెనీలు విదేశీ నిపుణులను పేరోల్ కంపెనీ ద్వారా తెచ్చుకుంటాయి. అప్పుడు వీసా స్పాన్సర్ కూడా పేరోల్ కంపెనీయే. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి గరిష్ఠంగా 3 నెలలు ఉంటాయి, అది కూడా అనుమతి గడువు అంతకాలం మిగిలి ఉంటేనే. భృతి నెలలు ఇంకా ఉన్నా దేశంలో ఉండే హక్కు ముందే అయిపోవచ్చు. 2022లో హైదరాబాద్ నుంచి వెళ్లిన 30 ఏళ్ల ఉద్యోగికి 2026 ఆరంభంలో ఉద్యోగం పోతే, 4 ఏళ్ల డచ్ చరిత్రకు 4 నెలల భృతి వస్తుంది. భారత్‌లో చేసిన ఏళ్లు ఈ లెక్కలోకి రావు. భృతి తీసుకుంటే వీసాకు మచ్చ అన్న భయం మాత్రం అక్కర్లేదు. ఇది కట్టిన చందాకు వచ్చే బీమా. ఇబ్బంది తెచ్చేది మున్సిపాలిటీ ఇచ్చే సామాజిక సహాయం.

విదేశాల నుంచి వచ్చిన నిపుణులకు జీతంలో కొంత భాగాన్ని పన్ను లేకుండా ఇచ్చే 30 శాతం పన్ను వెసులుబాటు ఉన్నవారికి పన్ను లేకుండా వచ్చే భాగం బీమా జీతంలో లెక్కకు రాదు. పైపరిమితి కంటే తక్కువ జీతం ఉన్నవారికి దానివల్ల భృతి తగ్గుతుంది. ఇంకా పైన ఉన్నవారికి ఎలాగూ పరిమితి దగ్గరే ఆగుతుంది కాబట్టి తేడా ఉండకపోవచ్చు.

భారతీయ కంపెనీ తరఫున డెప్యుటేషన్ మీద వెళ్లినవారి స్థితి దీనికి పూర్తిగా భిన్నం. భారత్, నెదర్లాండ్స్ సామాజిక భద్రత ఒప్పందం 2011 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. కవరేజ్ సర్టిఫికెట్ ఉన్నవారు 5 ఏళ్ల దాకా భారత వ్యవస్థలోనే కొనసాగుతారు, డచ్ చందా కట్టరు. కట్టని బీమా నుంచి భృతి ఆశించలేరు. ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు తెలుగువాళ్లలో ఒకరికి ఇవన్నీ ఉండి మరొకరికి లేకపోవడానికి కారణం ఈ సర్టిఫికెట్ కావచ్చు.

భృతి తీసుకుంటూ స్వదేశం వెళ్లడానికీ హద్దుంది. యూరోపియన్ యూనియన్‌లోని మరో దేశానికి వెళ్లి పని వెతుక్కోవడానికి 3 నెలల వరకు భృతిని వెంట తీసుకెళ్లే వీలుంది. భారత్ ఆ జాబితాలో లేదు. ఏడాదికి 20 పని దినాల సెలవు మాత్రం వాడుకోవచ్చు, అదీ ముందుగా యూడబ్ల్యూవీకి తెలియజేసి.

ఒత్తిడి ఎటువైపు?

గరిష్ఠ భృతి కాలాన్ని 24 నెలల నుంచి ఇంకా తగ్గించాలన్న ప్రతిపాదనలు డచ్ రాజకీయాల్లో కొన్నేళ్లుగా నలుగుతున్నాయి. చిన్న యజమానుల సంఘాలు 2 ఏళ్ల జబ్బు జీతాన్ని తగ్గించమని అడుగుతూనే ఉన్నాయి. మొదటిది జరిగినా, ఎక్కువ కాలం పనిచేసిన వయసు మళ్లినవారిని తప్ప, 3, 4 ఏళ్ల చరిత్ర ఉన్న పేరోల్ ఉద్యోగిని అది తాకదు. వాళ్ల భృతి ఇప్పటికే కొన్ని నెలలే. రెండోది జరిగితే మాత్రం పేరోల్ వ్యాపారం పునాదే కదులుతుంది. జబ్బు భయం తగ్గిన చిన్న సంస్థ మనిషిని నేరుగా తీసుకోవడానికి ముందుకొస్తుంది, మూడో మనిషికి గంటకింత చెల్లించాల్సిన అవసరం తగ్గుతుంది.